మోకాళ్ల దాకా ఎండ

4031వ రోజు. మొదటి షిఫ్టు, భోజనాల తర్వాత.

పంపు బాగుంది. కింది నీటిమట్టం మీటరు రెండు పాయింట్ ఒకటి. బేరింగులకు గ్రీజు పెట్టాను. ఇవన్నీ అసలు నమోదులో రాసేశాను. ఈ నోటుబుక్కు తీసింది వేరే పనికి. ఒళ్లు మండిపోతోంది, ఎక్కడో ఒకచోట కక్కాలి.

రాజలింగుకు మతి పోయింది.

పదకొండేళ్లుగా ఇద్దరం కలిసి రాస్తున్నాం. ఎగువ బాయిలో మూడో పంపు దగ్గర నేను, అంటే స్వరూప. దిగువ బాయిలో పంపు దగ్గర అతను. మధ్యన రెండు ఇనుప తలుపులు, వాటి నడుమ నాలుగు వందల మీటర్ల ఖాళీ దారి. పైన ఎండ మనిషిని నిలవనివ్వక జనమంతా ఈ పాత బొగ్గుబాయిలోకి దిగిన ఆరో ఏట కింద గాలిజబ్బు పుట్టింది. ఆ రోజే తలుపులు వేశారు. ఈ రోజుల లెక్క అప్పటి నుంచి మొదలైందే. కింద రెండు వందల పద్నాలుగు మంది ఉన్నారు. వాళ్లకు తిండి జారుడు గొట్టంలో దిగుతుంది. అక్కడ ఊరే నీళ్లను వాళ్ల పంపు తోడి నాకు అందిస్తుంది, నా పంపు పైకి తోస్తుంది. ఈ రెంటిలో ఏది ఆగినా ఆ రెండు వందల పద్నాలుగు మందీ మునుగుతారు. అందుకే నా పంపును నేను కన్నబిడ్డలా చూసుకుంటాను. ఈ మధ్య ఎంత తేలిగ్గా తిరుగుతోందంటే, చెయ్యి పెడితే వేడే తగలదు. నా చేతి చలవ.

నీళ్లు కాక కింది నుంచి పైకి వచ్చేది రోజుకొక తంతి. పంపు అంకెలు, ఆ కింద ‘ఇతర విషయాలు’ అనే గడిలో నూట యాభై మాటలు. ఆ నూట యాభై మాటల్లోనే మా కథ.

‘జొన్నచేను దాపున’ చదవని మనిషి ఈ బాయిలో లేడు. దిగే రోజున ఎవరో పప్పుమూటలో పెట్టి తెచ్చిన ఒక్క పుస్తకం, చేతిరాతతో నలభై ప్రతులైంది. మూడు వందల ఎనభై ఎనిమిది పేజీలు. మూడేళ్ల కరువు. రాళ్లు కొట్టే భూపతి, చేను కాసే నీలవేణి. చివరి పేజీలో అతను గుట్ట దాటి వెళ్లిపోతాడు. ఆమె గట్టున నిలబడి చూస్తుంది గానీ పిలవదు. పిలిస్తే ఆగేవాడు! చదివిన ప్రతివాళ్లూ పుస్తకం మూసి, రాసినాయన్ని ఒక తిట్టు తిట్టి, మళ్లీ మొదటి పేజీ తెరుస్తారు. నాకు ఆ తిట్టు సరిపోలేదు. తంతిలో ఒక భాగం రాసి నీలవేణి చేత పిలిపించాను. రెండు రోజుల తర్వాత కింది నుంచి తంతి వచ్చింది: “భూపతి ఆగాడు. వెనక్కి తిరిగి చూశాడు. మీరు తర్వాత రాయండి. – రాజలింగు, దిగువ పంపు.” అలా మొదలైంది. నీలవేణి నాది, భూపతి అతనిది.

నలభై ఆరేళ్ల మనిషిని, పెళ్లి చేసుకోలేదు, సిగ్గుపడటానికి ఏముంది, రాసేస్తాను. రాజలింగు రాసే భూపతి మీద నాకు మనసుంది. రాజలింగు మీద కాదు, భూపతి మీద. ఆ తేడా ఎక్కడో నాకే సరిగ్గా తెలియదు.

మధ్యాహ్నం భోజనాల వేళ ఇద్దరి భాగాలూ కలిపి స్పీకరులో నేనే చదువుతాను. ఏడు గ్యాలరీల జనం డబ్బాలు విప్పుకుని వింటారు. మూలానికి విరుద్ధంగా ఒక్క మాట పడిందా, విన్నవాళ్లు డబ్బామూత మీద చెంచాతో కొట్టి “పేజీ?” అని అరుస్తారు. ఆధారం ఏ పేజీలో ఉందో చెప్పాలి. చెప్పలేకపోతే ఆ వాక్యం కొట్టేయాల్సిందే, రాసినవాళ్ల పరువూ దాంతోపాటే. ఏడు వందల రోజులుగా నా చదువుకు ఒక్క మూత మోగలేదు. ఈ బాయిలో అలాంటి పేరు ఇంకెవరికీ లేదు.

ఇప్పుడు చూడండి ఇతగాడి నిర్వాకం. పన్నెండు రోజులుగా కథలోకి నీళ్లు తెస్తున్నాడు! మూడు వందల ఎనభై ఎనిమిది పేజీల్లో చుక్క వాన పడని పుస్తకంలోకి! మొదటి రోజు భూపతి పాదాలు తడిశాయన్నాడు. పోనీలే, చెమట అనుకుని తీసేశాను. తర్వాత చీలమండలన్నాడు, పిక్కలన్నాడు. ఇవాళ: “భూపతి మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి నీలవేణిని పిలిచాడు.” అది చదివితే ఏడు గ్యాలరీల మూతలూ ఒక్కసారే మోగుతాయి. ‘నీళ్లలో’ కొట్టేసి ‘ఎండలో’ అని పెట్టాను. మోకాళ్ల దాకా ఎండలో నిలబడి. చదివితే జనం ఆహా అన్నారు! రెండో గ్యాలరీ వాళ్లు మళ్లీ చదివించుకున్నారు.

ఇప్పుడే తంతిలో అతనికి గట్టిగానే పెట్టాను: “212వ పేజీ చూడండి. ‘ఈ ఊళ్లో తడి అంటే కళ్లలోదే.’ మీకు పుస్తకం మీద గౌరవం పోయిందా?”

4033వ రోజు. మొదటి షిఫ్టు.

నిన్న జవాబు లేదు. అంకెలు మాత్రం వచ్చాయి, అవి యంత్రం పంపేవి. గడి ఖాళీ. పదకొండేళ్లలో ఎప్పుడూ ఖాళీ రాలేదు. కోపం వచ్చిందేమో, రానీ, నాకు రాలేదా?

ఇవాళ వచ్చింది. “212వ పేజీ తెలుసు. అయినా నీళ్లే. నీలా, పెళ్లిపందిరి ఎత్తు మీద వెయ్యి. ఇక్కడ నడుము దాకా వచ్చింది.”

ఆఖరి వాక్యం కొట్టేశాను. ఎత్తు మీద పందిరి బాగుంది, చదివాను. పెళ్లి మాట చెవిన పడగానే జనం ఈలలు వేశారు. నీలవేణికి భూపతి చేత పుస్తెలు కట్టించే రోజు కోసం వీళ్లు పదకొండేళ్లుగా కాచుక్కూర్చున్నారు. ఇంత ముఖ్యమైన చోట ఈ మనిషి మొండికేస్తే నేనేం చేసేది?

4034వ రోజు. మొదటి షిఫ్టు, భోజనాల తర్వాత.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

చదువు అయ్యాక లస్మవ్వ నా దగ్గరికి వచ్చి కూర్చుంది. ఎనభై ఏళ్ల మనిషి. పుస్తకమంతా నోటికి వచ్చు. ఆమె మూత మోగితే ఇంక ఎవరూ పేజీ వెతకరు.

“ఏందే స్వరూపా, నీలవేణి లగ్గం నేను పోయినంక జేస్తవా?”

“చేస్తా అవ్వా. భూపతే సతాయిస్తుండు.”

“అదే అడుగుదామని వచ్చిన. పది పదిహేను దినాల సంది భూపతి మాటలు నడిమిట్ల తెగుతున్నయి. నువ్వేమన్న కోస్తున్నవా?”

ఆమె చెవికి అబద్ధం చెప్పి తప్పించుకోవడం ఎవరి వల్లా కాదు. సొరుగులోంచి అసలు తంతి కాగితాలు తీసి చూపించాను.

“మూలంల లేనియి రాస్తుండు అవ్వా. ఊకె నీళ్లు, నీళ్లు.”

“ఎన్నిపార్లు?”

“ఇయ్యాల్టితోని పద్నాలుగు.”

“ఇంతకుముందు ఎన్నడన్న తప్పిండా?”

“ఒక్కనాడు గూడ తప్పలే.”

లస్మవ్వ కాగితాలు ఒడిలో పెట్టుకుని నా ముఖంలోకి చూసింది. “పదకొండేండ్లల్ల ఒక్క మాట తప్పనోడు, పద్నాలుగు పార్లు వరుసబెట్టి అదే మాట తప్పుతుండు. పొరపాటైతే ఒక్కపారి అయితది బిడ్డా. గిది పొరపాటు కాదు.”

కాగితాలు ఆమె ఒడిలోంచి తీసుకున్నాను.

కాగితాలు వరుసగా పరిచాను. పాదాలు. చీలమండలు. పిక్కలు. మోకాళ్లు. నడుము. ఇవాళ్టిది, గంట కిందట నేను కత్తిరించింది: “ఛాతీకి జానెడు కింద.” ఇంకా నేను కొట్టేసినవి: “మా ఊళ్లో దగ్గినవాడు లేక తొమ్మిదేళ్లయింది, నీలా, తలుపు తీయడానికి భయమెందుకు?” జొన్నచేనులో తలుపేమిటని విసుక్కుని తీసేశాను. “గొట్టం గొంతులో బురద పట్టింది.” అసలు అర్థమే కాలేదని తీసేశాను.

కింద మునుగుతున్నారు. రెండు వందల పద్నాలుగు మంది. రాజలింగు చెప్పాడు, రోజూ చెప్పాడు, నేనే నోరు నొక్కాను.

అతను సూటిగా ఎందుకు రాయలేదంటే, రాయలేడు కాబట్టి. ఆరేళ్ల కిందట ఎవరో ‘గాలి అయిపోతోంది’ అని తంతిలో పుకారు పంపితే తొక్కిసలాటలో ముప్పై మంది పోయారు. అప్పటి నుంచి తంతికీ స్పీకరుకూ జల్లెడ యంత్రం పెట్టారు. మీటరు చెప్పేదానికి విరుద్ధంగా ఎవరేం రాసినా, మాట్లాడినా, జల్లెడ పట్టేసి పారేస్తుంది. కథను మాత్రం వదిలేస్తుంది, కథకు మీటరుతో పని లేదు కాబట్టి. అతనికి మిగిలిన సందు అదొక్కటే. ఆ సందుకు అడ్డం నేను కూర్చున్నాను.

పంపు తేలిగ్గా తిరుగుతోందని మురిసిపోయానే! వాళ్ల గొట్టం పూడి కింది నుంచి నీళ్లు అందకపోతే తేలిగ్గా తిరగక ఏం చేస్తుంది!

ఇంకోటి కూడా ఇప్పుడే తట్టింది. మా స్పీకరు దిగువ బాయిలో కూడా వినపడుతుంది. వాళ్లు రోజూ మధ్యాహ్నం నీళ్లలో నిలబడి నా చదువు విన్నారు.

అదే రోజు. రెండో షిఫ్టు మొదట్లో.

తలుపు తాళాలు బాయి పనులు చూసే ఓవర్‌మ్యాన్ మొగిలి దగ్గర ఉంటాయి. నాకంటే పదేళ్లు చిన్న, నన్ను అక్కా అంటాడు. కాగితాలన్నీ అతని బల్ల మీద పోశాను. ఓపిగ్గా చదివాడు, లేచి మీటరు దగ్గరికి తీసుకెళ్లాడు.

“అక్కా, చూడు. రెండు పాయింట్ ఒకటి. నలభై దినాల సంది గంతే ఉన్నది.”

“నలభై దినాలు కదలకుంటే అది మీటరా మొగిలీ, గోడకు కొట్టిన మేకా? కింద తేలెడు బుర్ర బురదల ఇరికింది. అది కదలదు, వాళ్లు మునిగినా కదలదు!”

“నువ్వు జెప్పేది నిజమే కావచ్చు. కని కథను జూసి తలుపు తియ్యమంటే ఎట్ల? కింద జబ్బు ఇంకా ఉంటే? ఆరు వందల నలభై మంది ఉసురు నాకు తగులుతది.” గొంతు తగ్గించాడు. “మా చెల్లె గా జబ్బుకే పోయింది. తలుపు ఏసిన తెల్లారి.”

అతను గోడ మీది నిబంధనల బోర్డు చూపించాడు. మీటరు ఎర్రగీత దాటితే తలుపు తీయాలి. లేదా ఎగువ బాయి జనంలో సగం మంది వచ్చి తలుపు ముందు సమ్మతిగా టోపీ దించితే తీయాలి. రెండోది ఇంతవరకూ ఒక్కసారీ జరగలేదు.

“మూడు వందల ఇరవై మందిని పట్టుకరా అక్కా. చక్రం నేనే తిప్పుత.”

తిరిగి రాగానే తంతిలో నీలవేణి చేత అడిగించాను: “భూపతీ, ఎంత లోతు? ఇంకా ఎన్ని పొద్దులు? నీ మాట ఒక్కటి కూడా ఇక పోనివ్వను.”

4035వ రోజు. రెండో షిఫ్టు.

జవాబు: “నీలా, ఛాతీ దాకా. పిల్లల్ని అటకలెక్కించాము. రెండు పొద్దులు. మూడోది చెప్పలేను.”

పొద్దుటి నుంచి గ్యాలరీ గ్యాలరీ తిరిగాను. నోటితో చెప్పుకునే మాటకు జల్లెడ అడ్డం లేదు. కానీ తొక్కిసలాటలో పోయినవాళ్ల ఫొటోలు ఇప్పటికీ ప్రతి గ్యాలరీ మొగదలా వేలాడుతున్నాయి. ప్రమాదం అన్న మాట నా నోట్లోంచి వస్తే చాలు, జనం పక్కకు తిరిగి “మీటరేమంటున్నది?” అంటారు. మీటరు రెండు పాయింట్ ఒకటి అంటుంది. ఇంకేం, ఎవరి పని వాళ్లది. ఐదో గ్యాలరీలో ఒకామె నా చెయ్యి పట్టుకుని, “ఒంటరి మనిషివి, ఊకె కథలల్ల ఉంటవు, జర పండుకోరాదు అక్కా” అంది. చెంప మీద ఒకటి ఇవ్వాలనిపించింది. ఇవ్వలేదు. ఆమె తప్పేముంది, నిన్నటి దాకా నేనూ కథల్లోనే కదా ఉన్నాను.

పొద్దస్తమానం తిరిగితే వస్తామన్నవాళ్లు నలభై ఒక్కరు.

తిరిగి వచ్చి చూస్తే లస్మవ్వ నా స్టూలు మీద కూర్చుని తంతి కాగితాలు చదువుతోంది.

“ఎందుకు తిరుగుతవే? నువ్వు జెప్తే ఎవరు నమ్ముతరు? నేనే నమ్మకపోదును.”

“మరేం చెయ్యాలె అవ్వా?”

“నన్ను నమ్మిచ్చింది నువ్వు గాదు. గీ కాగితాలు. నన్ను నమ్మిచ్చినయి అందర్ని నమ్మియ్యవా? వీళ్లు పుస్తకం సదువుకున్నోళ్లు. రాజలింగు ఎసుంటోడో ఎరుకున్నోళ్లు. నువ్వేం జెప్పకు. కోసినయన్ని కోసినట్టే సదువు.”

4036వ రోజు. మొదటి షిఫ్టు.

ఇది తలుపు దగ్గర కూర్చుని రాస్తున్నాను. మొగిలి మనుషులు చక్రానికి కిరోసిన్ పోస్తున్నారు, తుప్పు వదలడం లేదు. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుంది, అందుకని రాస్తున్నాను.

పొద్దున వచ్చిన తంతిలో ఐదే మాటలు. “నీలా, మెడ దాకా. చదువు, వింటున్నాము.”

భోజనాల గంట కొట్టగానే మైకు ముందు కూర్చున్నాను. ‘జొన్నచేను దాపున, కొనసాగింపు’ అని ఎప్పటిలాగే మొదలుపెట్టాను. ఆ మాటతో మొదలుపెడితేనే జల్లెడ కథ అనుకుని దారి వదులుతుంది. నడుమ ఒక్కసారి ‘ఇది కథ కాదు’ అన్నానా, స్పీకరు మూగబోతుంది. మిగతా ఆరు గ్యాలరీలకూ ఇంకేమీ చేరదు. ఇంత తేలికైన నిజాన్ని నోట్లో పెట్టుకుని మింగుతూ చదవాలి.

“మొదటి భాగం. భూపతి పాదాలు తడిశాయి.”

ఎదురుగా మూత మోగింది. “పేజీ?”

“లేదు” అన్నాను.

జనం నవ్వారు. ఏడు వందల రోజుల స్వరూప దొరికిపోయిందని సంబరం.

“రెండో భాగం. నీళ్లు చీలమండలకు వచ్చాయి, నీలా.”

మూతలు. “పేజీ?” “లేదు.”

మూడోది, నాలుగోది. పక్క గ్యాలరీల మోత కూడా గోడల మీదుగా వినపడుతోంది. ఎవరో “దించుండ్రి ఆమెను!” అన్నారు. “పుస్తకం ఇజ్జత్ తీస్తున్నది!” ఇంకొకరు చెంచా విసిరారు, నా భుజానికి తగిలింది. నా గొంతు నాకే వినపడటం లేదు, అయినా ఆపలేదు. మోకాళ్ల దాకా వచ్చేసరికి ‘ఎండ’ అనలేదు, ‘నీళ్లు’ అనే చదివాను. రెండో గ్యాలరీ వాళ్లకు ఆ వాక్యం గుర్తుంది, మళ్లీ చదివించుకున్నవాళ్లు కదా. వాళ్ల మూతలు అన్నిటికంటే ముందు ఆగాయి.

“ఇంకా పన్నెండో భాగమే. మా ఊళ్లో దగ్గినవాడు లేక తొమ్మిదేళ్లయింది.”

“పేజీ?” ఈసారి అడిగింది లస్మవ్వ. మూత కొట్టలేదు, ఊరికే అడిగింది. ఆమె అడిగితే అందరూ ఆగుతారు.

“లేదవ్వా.”

“రాసిందెవరు?”

“రాజలింగు.”

“ఎన్నడన్న తప్పిండా?”

“లేదవ్వా.”

ఆ తర్వాత ఒక్క మూత కూడా మోగలేదు. పదమూడో భాగం, పద్నాలుగోది. ఆడవాళ్లు అన్నం ముద్ద చేతిలోనే పెట్టుకుని చూస్తున్నారు. పదిహేనోది చదువుతుంటే ఒకాయన లేచి, గట్టిగా, “స్వరూపా, గిది కథేనా? ఒక్క మాట చెప్పు” అన్నాడు. నాలుక కొసకు వచ్చింది. పళ్లు బిగబట్టి, “తర్వాతి భాగం వినండి” అన్నాను. నా కళ్లలోంచి నీళ్లు కాగితం మీద పడుతుంటే ఆయన చూశాడు. డబ్బా మూసి, టోపీ తీసుకుని నడిచాడు. ఎటు పోతున్నాడని ఎవరూ అడగలేదు.

చదవడం అయ్యేసరికి నా ముందు ఎవరూ లేరు.

తలుపు దగ్గర మొగిలి మస్టరు పుస్తకం పట్టుకుని దించిన టోపీలు లెక్కపెట్టాడు. నూట యాభై. రెండు వందల ఎనభై. మూడు వందల పదకొండు దగ్గర ఆగిపోయింది. మూడో గ్యాలరీ వాళ్లు ఒక్కరూ రాలేదు, జబ్బుకు అందరికంటే ఎక్కువ మనుషుల్ని పోగొట్టుకున్నది వాళ్లే. ఇంకా తొమ్మిది మంది కావాలి. మొగిలి పెన్ను ఎత్తిపెట్టి నిలబడ్డాడు. ఎంతసేపో తెలియదు, నాకు మాత్రం ఒక జన్మ గడిచింది. అప్పుడు వచ్చారు మూడో గ్యాలరీ ఆడవాళ్లు, మూతులకు తడిగుడ్డలు కట్టుకుని, నన్నూ మొగిలినీ రాజలింగునూ కలిపి తిట్టుకుంటూ. “మాకేమన్న అయితే నీ పంపుల ముంచుత నిన్ను” అంది ఒకామె నాతో. టోపీ మాత్రం దించింది.

మూడు వందల ఇరవై ఆరు. మొగిలి పుస్తకం మూశాడు.

చక్రం కదిలిన చప్పుడైంది. వెళ్తున్నాను.

4037వ రోజు. మొదటి షిఫ్టు.

నిన్న రెండో తలుపు తీయడానికి మూడు గంటలు పట్టింది. తీయగానే మా కాళ్ల మీదికి బురదనీళ్లు దూకాయి. ఆ వెనకే మనుషులు. పిల్లల్ని నెత్తి మీద పెట్టుకుని, ముసలివాళ్లను తలుపుచెక్కల మీద మోసుకుంటూ, ఒకరి కొంగు ఒకరు పట్టుకుని. వెలుతురుకు కళ్లు చికిలించుకుంటున్నారు. ఎవరూ దగ్గడం లేదు. మూడో గ్యాలరీ ఆమె, నన్ను పంపులో ముంచుతానన్నదే, మూతిగుడ్డ లాగి పారేసి ఎవరి పిల్లనో ఎత్తుకుని ఏడ్చింది.

నేను మగవాళ్ల ముఖాలు వెతుకుతున్నాను. పదకొండేళ్ల మనిషి, ముఖం తెలియదు. ఈయనా? కాదు, మరీ చిన్నవాడు. ఆయనా? కలిస్తే మొదటి మాట ఏం అనాలో దారి పొడవునా అనుకుంటూనే వచ్చాను. ‘నన్ను క్షమించు’ అనాలనుకున్నాను. ‘నీ భూపతి’ అని ఏదో కూడా అనాలనుకున్నాను.

నిన్న రాత్రే, అందరూ పెద్ద గ్యాలరీలో చేరాక మొగిలి దిగువ బాయి మస్టరు తీసి పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. నేను పక్కన కూర్చుని టిక్కులు పెట్టాను. హాజరు, హాజరు, హాజరు. నూరు దాటింది. నూట యాభై దాటింది. అందరూ ఉన్నారు. దేవుడా, అందరూ ఉన్నారు అనుకున్నాను.

“రాజలింగు.”

పలకలేదు.

“రాజలింగు, దిగువ పంపు.”

చివరి వరసలోంచి ఒకామె లేచింది. నా ఈడుదే. చీర ఇంకా మెడ దాకా తడిగానే ఉంది.

“పోయిండు” అంది. “నాలుగు దినాలైంది. పంపు గొట్టం గొంతుల బురద తీస్తనని సంపులకు దిగిండు. మళ్ల రాలే.”

నేను లెక్కవేశాను, వేయకుండా ఉండలేకపోయాను. నాలుగు రోజుల కిందట, అంటే 4032. గడి ఖాళీగా వచ్చిన రోజు. 212వ పేజీ చూడమని నేను తంతి కొట్టిన మర్నాడు.

మిగతా పేర్లు పూర్తయ్యాయి. రెండు వందల పదమూడు. ఆమె నా దగ్గరికి వచ్చి కూర్చుంది. పేరు సుగుణ. అతని భార్య. అతనికి భార్య ఉందని కూడా నాకు తెలియదు, ఆ గడిలో మేము మా గురించి ఒక్క మాట రాసుకున్నది లేదు.

“నీ గొంతు గుర్తువట్టిన అక్కా. రోజు వింటుంటిమి” అంది. “దిగేముందు నాకు జెప్పిపోయిండు. కథ ఆగొద్దు, కథ ఆగితే మనం ఉన్నట్టే ఎవరికి తెల్వదు అని. గప్పటిసంది నేనే రాసిన. నాకు పుస్తకం ఆయన లెక్క నోటికి రాదు. ఎక్కడన్న తప్పు పోయిందా?”

“లేదు” అన్నాను. “ఒక్కటి గూడ పోలేదు.”

ఆమె తలూపింది. కొంగు పిండుకుంది. తర్వాత, కోపం లేకుండా, తెలియక అడిగినట్టే అడిగింది.

“మరి నీళ్లెందుకు తీసేసినవు అక్కా?”

ఏదైనా చెప్పొచ్చు. జల్లెడ అనొచ్చు, అర్థం కాలేదనొచ్చు. ఆమె నమ్మేది కూడా.

“మూలంల లేవని” అన్నాను.